మైకు ముందు పాత పెట్టె

సోమవారం, జూలై 7

చెల్లీ,

నీ ఇంటి మీద, నీ షెడ్డు మీద, అందులో నువ్వు విప్పదీసి పెట్టుకున్న ప్రతి బండి మీద శాంతీ సమాధానమూ నిలుచును గాక. ఇక్కడ మన బండికి మాత్రం సమాధానం లేదు.

ఈ మాట ఫోనులో చెప్పొచ్చుగా అంటుంది మీ వదిన. ఫోనులో నేనే మాట్లాడతానని, నీకు ఊపిరి తిరిగే సందు కూడా ఇవ్వనని, ముఖ్యమైన సంగతులు కాగితం మీదే రాయమని నువ్వే కదా అన్నావు? నాన్న పోయిన ఏడాది నుంచి ఆ మాట మీదే ఉన్నాను.

పోయిన వారం నాలుగు రోజులు వాన తెరిపివ్వలేదు. ఓడ కట్టిన ఆ ముసలాయన రోజులు ఇలాగే మొదలై ఉంటాయనుకున్నాను. బుధవారం ప్రార్థన కూటానికి బయల్దేరాను, వెనక సీట్లో మైకు, స్పీకరు. వంతెన మీదకి వచ్చేసరికి బండి ఎక్కిళ్లు పెట్టింది. స్టీరింగు ముందు పసుపు లైటు వెలిగింది. తాళం తీసేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది! మర్నాడు సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. మధ్యాహ్నం ఎండ కాస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. సాయంత్రం మబ్బు పడితే మళ్లీ చచ్చింది. ఒకసారి చచ్చి లేచినవాళ్ల గురించి చదివాను గానీ, ఎండని బట్టి లేచేవాళ్ల గురించి ఏ పుటలోనూ చూడలేదు.

తాడు కట్టి లాక్కెళ్లి ఎక్కడ పెట్టానో తెలుసా? మీ మౌనం మేస్త్రి షెడ్డులో. దగ్గరలో అదొక్కటే మరి. ఆయన బానెట్ ఎత్తి, అద్దం కింద ప్లాస్టిక్ మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, వేళ్లు చూసుకుని, "కంప్యూటర్ తడిసింది, మార్చాలి" అన్నాడు. అంతే! నేను దేవుడి గురించి రెండు గంటలు చెప్పినా ఇంకా మిగిలిపోతుందే, ఇతను నా బండి చావు గురించి మూడు ముక్కల్లో ముగించాడు. నిప్పుతో, నూనెతో నడిచే బండికి కంప్యూటర్ ఎందుకే? నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆ బండి ఎప్పుడూ ఊరికే నిలబడలేదు, నీకు తెలుసు. ఇంటి ముందు పెట్టినప్పుడు కూడా వైపర్ కింద అరడజను కరపత్రాలు పెడతాను, దారిన పోయేవాళ్లు తీసుకుంటారని. ఆ నాలుగు రోజుల వానలోనూ మానలేదు. సమయమున్నా లేకున్నా ప్రకటించమనే కదా ఆజ్ఞ!

కుట్టుమిషన్ మీదే రాస్తున్నాను. గ్రంథంలో గుర్తుగా పెట్టిన టేపు జారి సిరాలో పడింది, మరక క్షమించు.

నీ అన్నయ్య

*

శుక్రవారం, జూలై 11

అన్నయ్యా,

నీ దీవెన షెడ్డులో ఉన్న బండ్లన్నిటికీ చదివి వినిపించాను. ఒకటి స్టార్ట్ అయింది. మిగతావి ఇంకా ఆలోచిస్తున్నాయి.

కంప్యూటర్ ఎందుకు అన్నావు. ఏ క్షణంలో ఎంత పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పురవ్వ వెయ్యాలో నిమిషానికి కొన్ని వేల సార్లు ఇంజిన్‌కి చెప్పే పెట్టె అది. నీలాగే, ఆపదు. మేం ఈసీఎం అంటాం. నీ బండిలో అది ముందు అద్దానికి సరిగ్గా కింద, ప్లాస్టిక్ మూత లోపల ఉంటుంది. అక్కడ వాననీళ్లు పోవడానికి చిన్న కాలువ, రెండు చివర్లా రెండు రంధ్రాలు. అవి మూసుకుపోతే కాలువ తొట్టి అవుతుంది, పెట్టె స్నానం చేస్తుంది. పిన్నులకి పచ్చగా చిలుం పడుతుంది. ఎండకి ఆరితే పని చేస్తుంది, చెమ్మకి మానేస్తుంది. నీ బండి చావులూ లేవడాలూ అవే.

పెట్టె మార్చే ముందు కొన్ని చూడాలి. ఫ్యూజులు, రిలే, పెట్టెకి కరెంటు అందుతోందా, ఎర్తు గట్టిగా ఉందా, స్కానర్ తగిలిస్తే పెట్టె పలుకుతోందా. సగం మంది మెకానిక్కులు ఇవేవీ చూడకుండానే పెట్టె పోయిందని చెప్పేస్తారు. మేస్త్రి గారు చూసే ఉంటారు, ఆయన చూడకుండా నోరు తెరవరు. అయినా నీ మనశ్శాంతికి ఒకసారి అడుగు.

ఆయన పొదుపుగా మాట్లాడతారని కోపం తెచ్చుకోకు. నేను అక్కడ పని నేర్చుకున్న నాలుగేళ్లలో నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే. బానెట్ కింద తల దూర్చి ఆయన వైరింగ్ చేస్తుంటే పక్కన టార్చి పట్టుకోవడం నా పని. ఒకరోజు గంటన్నర పట్టుకున్నాను. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "లైటు కదల్లేదు" అన్నారు. ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి అమ్మకి చెప్పాను. నువ్వు విన్నావో లేదో.

వదినని అడిగానని చెప్పు.

చెల్లి

*

సోమవారం, జూలై 21

చెల్లీ,

సత్యము దాగదు! నీ ఉత్తరం నాకు సాక్ష్యమై నిలిచింది.

వరసగా చెప్తాను. నువ్వన్నట్టే అడిగాను: "కరెంటు చూశావా, ఎర్తు చూశావా?" "చూశాను" అన్నాడు. ఏం చూశాడో, ఎప్పుడు చూశాడో, ఏమీ లేదు. పాత పెట్టె విప్పగానే అది నాకిమ్మని అడిగి తెచ్చుకున్నాను, రేపు మాట తేడా వస్తే రుజువు ఉండాలని. లైనింగు గుడ్డలో చుట్టి, మిషన్ సొరుగులో పెట్టి తాళం వేశాను. గురువారం ఆయన ఇలాంటిదే ఇంకో బండి నుంచి తీసిన పెట్టె తెచ్చి బిగించాడు. తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. హల్లెలూయా అనబోయాను, 'హల్లె' దగ్గర ఉండగానే ఆగిపోయింది! మళ్లీ తిప్పాడు. రెండు సెకన్లు, ఆగింది. పదిసార్లు అదే తంతు.

అప్పుడు నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "పాత పెట్టె ఇవ్వండి."

"ఎందుకు?"

"కావాలి."

"పాడైపోయిందన్నావుగా? పాడైనదానితో నీకేం పని?"

తల గోక్కున్నాడు. నాకు అర్థమైపోయింది. మంచి పెట్టెని పోయిందని చెప్పి, దొంగ పెట్టె నాకు అంటగట్టి, నాది ఆరబెట్టి ఇంకొకరికి వెయ్యాలని చూస్తున్నాడు. ఇవ్వనని వచ్చేశాను. వస్తుంటే వెనక నుంచి ఏమన్నాడో విను: "వైపర్ కింద కాగితాలు పెట్టకండి." నోరు విప్పక విప్పక విప్పి, సువార్త మీద పడ్డాడు!

ఆదివారం కూటంలో ఆ పెట్టెని చేత్తో పైకెత్తాను. "చచ్చిందని చెప్పి బతికున్నదాన్ని కాజేసే చేతులు మన వీధిలోనే ఉన్నాయి" అన్నాను. పేరు ఎత్తలేదు. నీ ఉత్తరం తీసి చదివాను: "సగం మంది మెకానిక్కులు ఇవేవీ చూడకుండానే పెట్టె పోయిందని చెప్పేస్తారు." ఇది నా సొంత చెల్లెలు, ఈ పనిలో పదిహేనేళ్లు తలమునకలైన మనిషి రాసిన మాట అన్నాను. హాలు అదిరిపోయింది. ఎప్పుడూ కునికే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంది.

బండి ఇంకా ఆయన షెడ్డులోనే ఉంది. ఇప్పుడు నేనేం చెయ్యాలో రాయి.

నీ అన్నయ్య

(అంచున, వేరే చేతిరాత:) అమ్మాయ్, కవరు అంటించమని నాకిచ్చి బయటికెళ్లారు, అందుకే ఈ నాలుగు ముక్కలు. పేరు చెప్పలేదంటున్నారు గానీ మన వీధిలో షెడ్డు ఉన్నది ఒక్కరికే. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. - వదిన

*

శుక్రవారం, జూలై 25

అన్నయ్యా,

ఉత్తరం పొద్దున వచ్చింది. కోపం తగ్గాక రాద్దామని సాయంత్రం దాకా ఆగాను. తగ్గలేదు, రాస్తున్నాను.

నువ్వు చదివిన వాక్యం పక్కనే ఇంకో వాక్యం ఉంది. "మేస్త్రి గారు చూసే ఉంటారు, ఆయన చూడకుండా నోరు తెరవరు." అది ఎందుకు చదవలేదు? ఒక వచనం పట్టుకుని పక్క వచనం వదిలేసే బోధకుల్ని నువ్వు ఎన్ని కూటాల్లో ఉతికి ఆరెయ్యలేదు! నా ఉత్తరానికి నువ్వు చేసింది అదే. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి మీద నన్నే సాక్షిని చేశావు.

ఇప్పుడు నెమ్మదిగా విను. నీ తాళంచెవి తలకాయలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. దాని గుర్తు పాత పెట్టె జ్ఞాపకంలో ఉంది. మేస్త్రి గారు తెచ్చిన పెట్టె వేరే కారుది, దానికి నీ తాళం పరాయి. అందుకే రెండు సెకన్లు ఇంజిన్ని తిరగనిచ్చి, ఎవరో దొంగ అనుకుని ఆపేస్తుంది. పెట్టె మంచిదే కాబట్టే ఆపింది. పాత పెట్టె విప్పి, అందులో జ్ఞాపకం ఉండే చిప్పుని చదివి, ఆ గుర్తుని కొత్తదాంట్లోకి ఎక్కించాలి. చెయ్యి చాపి అడిగింది అందుకు. నువ్వు ఇంజిన్ ప్రాణాన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకుని, లేవడం లేదని ఆయన్ని తిట్టావు.

ఆ కాగితాల సంగతి. వైపర్ కింద నువ్వు పెట్టేవి వానకి నాని, జారి, మూత సందుల్లోంచి లోపల పడతాయి. అక్కడ గుజ్జయి నీళ్ల రంధ్రాలకి బిరడాలా దిగుతాయి. ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఆయన సువార్తకి అడ్డం రాలేదు అన్నయ్యా, నీ కరపత్రాలు నీళ్లకి అడ్డం వచ్చాయి. పెట్టెని తడిపింది నువ్వు.

ఇవన్నీ ఆయన విడమర్చి చెప్పాల్సింది, ఒప్పుకుంటాను. ఆయనకి మొదలుపెట్టడం రాదు, నీకు ఆగడం రాదు.

ఇంకో మాట. నేను ఆ షెడ్డులో చేరిన రోజు నుంచి నీకు ఆయనంటే పడదు. చెల్లెల్ని నూనె గుడ్డల పాలు చేశాడని. మిగతా షెడ్లవాళ్లు నన్ను చూసి నవ్వి పంపేస్తే, ఏమీ అడగకుండా చేతికి టార్చి ఇచ్చిన మనిషి ఆయన. నీ ప్రసంగంలో ఎంత బండి గురించో, ఎంత ఆ పాత కోపం గురించో నువ్వే తూచుకో.

చెల్లి

*

బుధవారం, జూలై 30

సహోదరీ,

అందింది. చదివాను. మూడుసార్లు చదివాను, ఈసారి ఏ వాక్యమూ వదల్లేదు.

పెట్టె సంగతి నాకు తెలియదు. తెలియక చేశాను. తెలియక చేసినదానికి శిక్ష తక్కువ అని కూడా రాసి ఉంది, నువ్వు చూసుకోవచ్చు.

నిన్న బట్టలు ఇవ్వడానికి వెళ్తూ షెడ్డు ఎదురుగా ఆగాను. ఎప్పుడూ నాలుగైదు బండ్లు ఉండేవి. ఇప్పుడు ఒకటే ఉంది, నాది. ఆయన స్టూలు మీద కూర్చుని స్పానర్ తుడుస్తున్నాడు. తళతళలాడుతోంది, అయినా తుడుస్తున్నాడు. నేను రోడ్డు దాటలేదు.

ఎవరిచేతనైనా పెట్టె పంపిస్తాను. ఎప్పుడైనా ఎదురుపడితే మెల్లగా ఒక మాట చెప్తాను. ఇంతకంటే ఏం చెయ్యమంటావు? బోధించేవాడు మంద ముందు తల దించితే రేపు వాడి మాట ఎవరు వింటారు? నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మిషన్ తొక్కుతూ, ఒడిలో గ్రంథం పెట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. నా దగ్గర ఉన్నది ఆ మాట ఒక్కటే. అదీ పోతే నేను ఉత్త దర్జీని.

మీ వదిన నాతో మాట్లాడటం లేదు. నీకిప్పుడు తృప్తేనా?

అన్నయ్య

*

శనివారం, ఆగస్టు 2

అన్నయ్యా,

నిన్న మేస్త్రి గారు ఫోన్ చేశారు. నాతో ఆయన ఫోనులో మాట్లాడింది ఇదే మొదటిసారి. "షెడ్డు తీసేస్తున్నాను. నీ దగ్గర పని ఉంటుందా?" అన్నారు. నీ గురించి ఒక్క ముక్క అనలేదు. ఎందుకు తీసేస్తున్నారంటే, "బండ్లు రావట్లేదు" అన్నారు. ఆయన పనివాడిగా నా దగ్గరికి వస్తే ఆ షెడ్డులో నేనెక్కడ నిలబడాలి, చెప్పు.

నెలాఖరు దాకా ఆగమని చెప్పాను. ఎందుకు ఆగమన్నానో ఆయన అడగలేదు. నువ్వూ అడగవనుకుంటాను.

మైకులో అన్నది చెవిలో వెనక్కి తీసుకుంటే సరిపోదు. చెట్టెక్కిన ఆ పొట్టి పన్నుల సుంకరి కథ నాకు చెప్పింది నువ్వే, మిషన్ పక్కన పీట వేసి కూర్చోబెట్టి. అతను అందరి మధ్యలో లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్నాడని చెప్పావు. నువ్వు కూడా మిషన్ ఆపి, లేచి నిలబడి చూపించావు. నాకు ఏడేళ్లు. చాటుగా చెప్పాడని చెప్పి ఉంటే నాకు ఇన్నేళ్లు గుర్తుండేది కాదు.

నువ్వు ఉత్త దర్జీవైనా నాకు అన్నయ్యవే.

చెల్లి

*

సోమవారం, ఆగస్టు 11

చెల్లీ,

వేళ్లకి నూనె అంటింది. కాగితం మీద ముద్రలు పడితే అవి నావే, కాదననులే.

ఆదివారం నిన్న. వారమంతా వేరే ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. లేచి నిలబడ్డాక దాన్ని పక్కన పెట్టేశాను. సంచీలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. "మూడు వారాల కింద ఈ పెట్టె గురించి మీకు సగం చెప్పాను. మిగతా సగం చెప్పకుండా దొంగిలించాను" అన్నాను. నీ ఉత్తరం తీసి రెండో వాక్యం చదివాను. తాళం సంగతి చెప్పాను. కరపత్రాల సంగతి చెప్పాను. "ఆయన దొంగ కాదు. నేను అబద్ధసాక్షిని" అన్నాను. సూది పడితే వినిపించేది. దర్జీని, నాకు ఆ చప్పుడు తెలుసు.

కూటం ముగిశాక వెళ్లి ఆయన్ని కలుస్తానని చెప్పి, ముగింపు ప్రార్థనకి తల వంచాను. రెండో వరసలోంచి మన లెక్కల టీచరమ్మ లేచింది. "బోధకుడు గారూ, మాకు చెప్తే ఏం లాభం? మాట పడ్డాయన ఇక్కడ లేడుగా! మీ ముగింపు ప్రార్థన సంగతి మాకు తెలుసు, అయ్యేసరికి ఆయన షెడ్డు కట్టేసుకుని భోజనానికి పోతాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మీ వదినే అనుకుంటాను.

ప్రార్థన అక్కడే వదిలేసి నడిచాను. మైకు కట్టను కూడా లేదు. వెనక చెప్పుల చప్పుడు వినిపించి తిరిగి చూస్తే నలభై మంది వస్తున్నారు. షెడ్డు దగ్గర అంతమందిని చూసి మేస్త్రి లేచి నిలబడ్డాడు. చేతిలో స్పానర్ మెల్లగా కింద పెట్టేశాడు. కొట్టడానికి వచ్చామనుకున్నాడు చెల్లీ!

"నీ మీద అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"నన్ను క్షమిస్తావా?"

చెయ్యి చాపాడు. ఆ చేతిలో నా చెయ్యి పెట్టాను. పక్కకి తోసి మళ్లీ చాపాడు. పెట్టె కోసం! జనం ఘొల్లుమన్నారు. ఇచ్చాను. దాన్ని బల్ల మీద పెట్టి, టార్చి తీసి నాకిచ్చి, "పట్టుకుంటారా?" అన్నాడు.

"అయ్యా, తప్పకుండా, నా వల్ల జరిగిన..."

"మాట్లాడకుండా."

కుష్ఠు పట్టిన ఒక సేనాపతి కథ నీకు చెప్పాను కదా. ప్రవక్త బయటికైనా రాకుండా, పోయి నదిలో మునగమని కబురు పంపితే, ఇంత చిన్న పనా అని ఆయన అలిగాడు. నేను అలగలేదు. టార్చి పట్టుకున్నాను.

పట్టపగలు కూడా ఆ మూల చీకటే. పెట్టె మూత విప్పితే లోపల ఆకుపచ్చ పలక, అక్కడక్కడా చిలుం పొక్కులు. ఏదో ద్రావకంతో, పళ్లు తోమే బ్రష్‌తో ఎంత మెల్లగా తుడిచాడో! బియ్యపు గింజంత చిప్పుని పైకి లేపి, దాన్ని ఏదో పరికరానికి తగిలించి, తెర మీద అంకెలు చూశాడు. తర్వాత బండిలోని పెట్టె తీసి, అవే అంకెలు దాంట్లోకి ఎక్కించి, మళ్లీ బిగించాడు. నాకు చెయ్యి లాగింది, భుజం మండింది. ముక్కు మీద ఈగ వాలింది. చెప్పడానికి నోటి నిండా మాటలున్నాయి, ఒక్కటీ బయటికి రానివ్వలేదు. అప్పుడు చూశాను, ఆయన తల పైన అరలో ఎండిపోయిన కాగితపు ముద్ద ఒకటి. నా బండిలోంచి తీసిందే. పై పొరలో అక్షరాలు చెదరలేదు. నేను రాసి అచ్చు వేయించిన కరపత్రమే: "ఆలస్యము చేయకుము."

మొదటి రోజు నుంచీ అది ఆయన దగ్గరే ఉంది. నేను మైకులో అరిచిన మర్నాడు దాన్ని తీసి వీధిలో నలుగురికి చూపిస్తే చాలు, నేను నవ్వులపాలయ్యేవాణ్ణి. చూపించలేదు.

గంటా పది నిమిషాలకి తల ఎత్తి, తాళం తిప్పమని నాకే ఇచ్చాడు. ఇంజిన్ అందుకుంది. జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి. రెండు. ఇదివరకు ఇక్కడే ఆగేది. మూడు! నాలుగు! ఇరవై దాకా అరుస్తూనే ఉన్నారు, టీచరమ్మ గొంతే పైకి. ఆ గోలలోనే ఆమె, "మేస్త్రి గారూ, నా కారు హారన్ మోగట్లేదు, రేపు తెస్తాను" అంది. ఇంకెవరో బ్రేకు అన్నారు. ఈ పొద్దున నేను అటు వెళ్లాను. మూడు బండ్లున్నాయి. రోడ్డు దాటి మరీ లెక్కపెట్టాను.

ఆయన టార్చి తీసుకుని అరలో పెట్టుకున్నాడు, అంతే. క్షమించాడో లేదో నాకు తెలియదు. అడిగితే మళ్లీ మాట్లాడినట్టవుతుందని అడగలేదు.

కరపత్రాలు ఇక చేతికే ఇస్తున్నాను. మీ వదిన మాట్లాడుతోంది, ఇప్పుడు ఆపడం లేదు.

నీ అన్నయ్య, దర్జీ

*

శనివారం, ఆగస్టు 16

అన్నయ్యా,

నీ ఉత్తరం, ఒక కార్డు, రెండూ ఒకే రోజు వచ్చాయి. కార్డు మేస్త్రి గారిది. ఆయన ఉత్తరం రాయడం నేను ఎన్నడూ చూడలేదు. మొత్తం నీకు రాసి పంపుతున్నాను, ఈసారి ఏ వాక్యమూ వదలకుండా:

"పని వెతకొద్దు. షెడ్డు ఉంచుతున్నాను. మీ అన్న వచ్చాడు. లైటు కదల్లేదు."

చెల్లి